ఎడమవైపు చిల్లు

మా ఇంట్లో బట్టలు ఎప్పుడు ఆరాలో ఎండ చేతిలో లేదు, ఛాసిస్ చేతిలో ఉంది. దండెం కట్టిన ఇనుప స్తంభానికే గొలుసు కూడా తగిలిస్తారు కాబట్టి, లాగే పని ఉన్న రోజు తడివైనా సరే తీసేసి, బకెట్లో కుక్కుకుని లోపలికి నడవాలి. ఆ ఉదయం కూడా అదే పనిలో ఉన్నాను. దుప్పటి సగం భుజం మీద, సగం నేల మీద ఈడుస్తూ వస్తుంటే బండి కింద నుంచి మా ఆయన కేక వేశాడు.

"అవి తర్వాత చూసుకోవచ్చు. ముందొచ్చి టేపు కొస పట్టుకో."

మాకు ఇల్లూ షెడ్డూ ఒకటే. వంటింటి తలుపు తీస్తే షెడ్డు, షెడ్డు దాటితే వీధి. గుద్దుకున్న బండ్లూ గోతిలో పడ్డ బండ్లూ మా దగ్గరకి వస్తాయి. పైన రేకులు సరిచేసేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు, మా పని అడుగున. బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రమే ఛాసిస్. అది వంగిపోతే మళ్ళీ తిన్నగా లాగడం మా ఆయన పని, ఆయనకి వాళ్ళ నాన్న నుంచి వచ్చిన పని. షెడ్డు నేలలో సిమెంటు పోసి పాతిన కొక్కేలుంటాయి. బండిని వాటికి గొలుసులతో కట్టేసి, వంగిన చోటుకి ఇంకో గొలుసు తగిలించి, జాకీతో లాగుతారు. అప్పుడు వంటింట్లో గిన్నెలు కూడా మోగుతాయి. ఎంత లాగాలో చెప్పేది మాత్రం టేపే. ముందు కుడి చిల్లు నుంచి వెనక ఎడమ చిల్లుకీ, ముందు ఎడమ చిల్లు నుంచి వెనక కుడి చిల్లుకీ ఐమూలగా కొలుస్తారు. రెండు కొలతలూ ఒకటే వస్తే చట్రం తిన్నగా ఉన్నట్టు. టేపుకి రెండు కొసలుంటాయి గనక ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఆయన, ఇంకొకరు నేను. అయినా ఎవరు అడిగినా మా షెడ్డులో పనిచేసేది ఒక్కరే.

ఆ మధ్య భుజం పట్టేసి డాక్టరమ్మ దగ్గరకి వెళ్ళాం. "ఏం పని చేస్తారు?" అని ఆవిడ నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. అబద్ధమాడలేదు పాపం. సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని, కళ్ళల్లో తుప్పు రాలుతుంటే చెయ్యెత్తి టేపు పట్టుకునేది కూడా ఇంట్లోనే కదా. పొయ్యి మీద కూర మాడకుండా మధ్యమధ్యలో లేచి పరిగెత్తేదీ ఇంట్లోనే. షెడ్డుకి వచ్చినవాళ్ళు నన్ను చూసి "మేస్త్రీ లేడా?" అంటారు. లేరంటే, "అయితే ఎవరూ లేరా?" అంటారు. నేను వాళ్ళ ఎదురుగా, మోచేతుల దాకా గ్రీజుతో నిలబడే ఉంటాను. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత నవ్వొచ్చేది. ఈ మధ్య మళ్ళీ మండటం మొదలైంది, అదే ఆరోగ్యానికి మంచిదనిపిస్తోంది.

ఆ రోజు కొక్కేలకి కట్టేసి ఉన్నది రొట్టెల అమ్మాయి వ్యాను. బేకరీలో రొట్టెలూ బన్నులూ ఎక్కించుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొట్లన్నిటికీ వేసొస్తుంది. ఈ మధ్య వానలో ఒక మలుపు దగ్గర వ్యాను కాలవలోకి దిగింది. బయటికి తీశారు గానీ, అప్పట్నుంచీ స్టీరింగు తిన్నగా పట్టుకుంటే బండి పక్కకి ఈడుస్తోంది. "పీతలా నడుస్తోందక్కా" అంది నాతో. "నిన్న మలుపులో రెండు ట్రేలు కిందపడ్డాయి. బేకరీ ఆయన మంచివాడే, కానీ ఈ వారంలో బండి బాగవకపోతే వేరే బండి మాట్లాడుకుంటానన్నాడు. ఈ బండి తప్ప నాకింకేం లేదు."

టేపు కొక్కెం తగిలించడానికి బండి కిందకి దూరాను. ముందు ఎడమవైపు చిల్లులో వేలు పెట్టగానే అంచు గీరుకుంది. కంపెనీలో వేసిన చిల్లు అంచు నున్నగా ఉంటుంది, ఇన్నేళ్ళుగా నా వేళ్ళకి తెలిసిన సంగతి అది. ఇది కరుకుగా ఉంది. చుట్టూ తడిమితే రంగు కింద వెల్డింగు గీత తగిలింది. ఇదివరకెప్పుడో, ఈ అమ్మాయి కొనకముందే, ఎవరో అక్కడ ఇనుప పలక అతికించారు. అసలు చిల్లు దాని కింద మూసుకుపోతే పక్కన ఇంకోటి వేశారు. బొటనవేలి మందాన పక్కకి జరిగింది.

"ఏవండీ, ఈ ఎడమ చిల్లు అసలుది కాదు. ఎవరో తర్వాత వేశారు. దీన్నుంచి కొలిస్తే తప్పొస్తుంది."

"చిల్లుకి అసలేంటి, కొసరేంటి? నువ్వు గట్టిగా పట్టుకో, చాలు."

"ఒక్కసారి ఇటొచ్చి వేలు పెట్టి చూడండి."

"అన్నిట్లో వేలు పెట్టడం నీకలవాటు, నాకు కాదు" అన్నాడు. తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

పట్టుకున్నాను. ఆయన లాగాడు. రెండు కొలతలూ ఒకటయ్యేదాకా లాగి, "అయిపోయింది, తీసుకెళ్ళు" అన్నాడు. నేను లోపలికెళ్ళి కూర దించాను. మా ఆయన చెడ్డవాడని చెప్పట్లేదు. పొద్దున్నే లేస్తాడు, ఒళ్ళు దాచుకోడు, ఎవరినీ మోసం చెయ్యడు. చెవులు కూడా బాగానే వినిపిస్తాయి. వీధి చివర మలుపు తిరిగే బండి శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పగలడు. పక్కనున్న నా గొంతే ఎందుకో ఆయనకి ఫ్యాను చప్పుడులా అలవాటైపోయింది.

రెండో రోజుకల్లా రొట్టెల అమ్మాయి తిరిగొచ్చింది. "ఇదివరకటంత లేదు గానీ ఇంకా లాగుతోందన్నా" అంది. మా ఆయన సంచీ సర్దుకుని బయల్దేరుతున్నాడు, పక్క ఊళ్ళో పాత సామాను అమ్మకానికి ఉందంటే చూడటానికి. రాత్రి అక్కడే ఉండి మర్నాడు వస్తానన్నాడు. బండి చుట్టూ ఓసారి తిరిగి, ఒక టైరుని కాలితో తన్నాడు.

"కొలత పక్కాగా వచ్చింది. తేడా ఏమన్నా ఉంటే టైర్లలో ఉండాలి. అయినా నువ్వు స్టీరింగుని పట్టుకునే పట్టే సరిగ్గా లేదమ్మాయ్. ఆడవాళ్ళ చేతిలో బండి ఇలాగే ఉంటుంది."

"నేను పదేళ్ళ నుంచీ నడుపుతున్నానన్నా."

"వచ్చే వారం చూద్దాంలే" అని బస్సు టైమైపోతోందంటూ వెళ్ళిపోయాడు.

వచ్చే వారానికి ఆ అమ్మాయికి పని ఉండదు. ఆ మాట ఆయన కూడా విన్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తుంటే, వ్యాను తలుపు పట్టుకుని ఆ అమ్మాయి తాళంచెవి కేసే చూస్తూ ఉండిపోయింది. బండి పాడైపోయినందుకు కాదు, తన చేతులది తప్పని ఎవరో చెప్పారు కాబట్టి, నిజమేనేమో అని ఆలోచిస్తోంది. ఆ ఆలోచన మొహం మీద ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నాకు కోపం వచ్చింది. మా ఆయన మీద వచ్చింది, ఆ మొహం మీద కూడా వచ్చింది.

"బండి లోపల పెట్టు" అన్నాను.

"అన్న వెళ్ళిపోయాడుగా?"

"వెళ్ళాడు. నేను చేస్తాను."

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందకి ఓసారి చూసింది. చూస్తే తప్పేముంది, ఏళ్ళ తరబడి షెడ్డులో కనిపిస్తున్నా నన్నెవరూ అలా చూడలేదు. చివరికి, "అక్కా, అది నా బతుకు" అంది.

"తెలుసు. అందుకే ముందు నీకొకటి చూపించాలి. ఇలా రా."

ఇద్దరం బండి కిందకి దూరాం. తన చెయ్యి పట్టుకుని ముందు కుడివైపు చిల్లులో వేలు పెట్టించాను. తర్వాత ఎడమవైపు దాంట్లో పెట్టించాను. "ఉస్స్" అని వేలు వెనక్కి లాక్కుంది. ఏదీ వివరించాల్సిన అవసరం రాలేదు. "ఇది వేరేగా ఉందేంటక్కా? అంటే అన్న కొలిచింది..." అని ఆగింది. "అవును" అన్నాను. తాళంచెవి నా చేతిలో పెట్టి, సాయంత్రం లోడుకీ రేపు పొద్దుటి లోడుకీ ఎవరిదో బండి అడుక్కుంటానని వెళ్ళింది.

ఒక్కదాన్నే కాసేపు ఆ చట్రం కేసి చూస్తూ కూర్చున్నాను. భయం వేయలేదంటే నమ్మరేమో గానీ, నిజంగానే వేయలేదు. నా ఆలోచన వేరే దారిలో పోయింది. కొలత మొదలుపెట్టే చోటే పక్కకి జరిగి ఉంటే, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిస్తే అంత పక్కాగా తప్పొస్తుంది. మా ఇంట్లో అన్నీ ఆయన నుంచే కొలుస్తాం. ఆయన ఆకలిని బట్టి భోజనం టైము, ఆయన నిద్రని బట్టి టీవీ శబ్దం, ఆయన అలసటని బట్టి పని బరువు. నేను అలసిపోయానంటే, "నువ్వేం చేశావని?" అనేవాడు. నేనూ నిజమే కదా, ఆయనంత చెయ్యలేదు కదా అనుకుని లేచి గిన్నెలు తోమేదాన్ని. తేడా ఎప్పుడూ నా వైపే తేలేది. నేను ఎక్కువ మాట్లాడతాను, ఎక్కువ ఖర్చు పెడతాను, ఎక్కువ ఆలోచిస్తాను. దేనికంటే ఎక్కువ అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను, కాస్త ఆలస్యమైతే అయింది.

కొలవడానికి ఎవరూ ముట్టుకోని చోటు కావాలి. వెనకా ముందూ కుదుపులు తగ్గించే కమాను పట్టీలు తగిలించే బ్రాకెట్లు ఉంటాయి. వాటిని చట్రానికి బిగించిన రివిట్ల తలలు గుండ్రంగా, కంపెనీలో కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. ఎవరన్నా విప్పి ఉంటే వాటి చోట బోల్టులుండేవి. ఆ రివిట్ల నుంచి దారానికి ఇనుప గుండు కట్టి కిందకి వదిలి, గుండు మొన నేలకి తగిలే చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల్ని నేల మీదే ఐమూలగా కొలవాలి. అప్పుడు ఆ చిల్లుతో పనే లేదు. అయితే గుండు కదలకుండా పైన ఒకరు దారం పట్టుకోవాలి, కింద ఒకరు గుర్తు పెట్టాలి.

"ఎవరి కోసం చూస్తున్నావు?" అంది వెనక నుంచి మా అత్తయ్య. ఎప్పుడొచ్చిందో, వంటింటి గుమ్మంలో చిన్న పీట పట్టుకుని నిలబడి ఉంది. "జరుగు. నీ చెయ్యి కుదురుగా ఉండదు, దారం నేను పట్టుకుంటాను."

"మోకాళ్ళ నొప్పులన్నారుగా అత్తయ్యా?"

"మోకాళ్ళతో పట్టుకుంటానా ఏంటి?"

పీట వేసుకుని కూర్చుంది. దారం వదిలి, గుండుని రెండు వేళ్ళతో తాకి ఆపేసింది. ఊపిరి కూడా తగలనివ్వలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "మీ మామగారికి కొస పట్టుకుంది ఎవరనుకున్నావు? పిల్లాణ్ణి చంకలో వేసుకుని కూడా పట్టుకున్నాను" అంది. పిల్లాడంటే మా ఆయనే. "ఓసారి ఇలాంటి చిల్లే వచ్చింది. ఇది దొంగ చిల్లండీ అని చెప్పాను. ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"టీ పెట్టు అన్నారు."

ఇద్దరం ఎంత నవ్వామంటే గుండు మళ్ళీ ఊగడం మొదలెట్టింది. నవ్వు ఆగాక అత్తయ్య గుండుని మళ్ళీ వేళ్ళతో ఆపింది. "పెట్టాను కూడా" అంది తర్వాత, నా కేసి చూడకుండా. ఇన్నేళ్ళలో ఆవిడ నా వంటకి వంక పెట్టింది, నిద్రకి వంక పెట్టింది, నేను నవ్వే తీరుకి కూడా వంక పెట్టింది. ఆ క్షణంలో అవన్నీ పోయాయని చెప్పను గానీ, ఆవిడ మీద మొదటిసారి ప్రేమలాంటిది కలిగింది.

గుర్తులన్నీ పెట్టి కొలిస్తే చట్రం ఎటు వాలిందో స్పష్టంగా కనపడింది. మా ఆయన లాగింది లాగాల్సిన వైపే, కానీ ఆ చిల్లు మాట నమ్మి మధ్యలో ఆగిపోయాడు. గొలుసులు బిగించాను. జాకీ కొట్టడానికి మగాళ్ళ బలం కావాలని ఎప్పుడూ వింటుండేదాన్ని. పిడి పైకీ కిందకీ ఆడించడమే, బోరింగు కొట్టి నీళ్ళు మోయడం కంటే తేలిక. కొలత కుదిరేదాకా లాగి, అత్తయ్య చూస్తుండగా గర్వంగా వదిలాను. గొలుసు వదులవగానే చట్రం సగం వెనక్కి పోయింది.

"వంకరకి అలవాటుపడిన ఇనుము, ఊరికే మాట వింటుందా?" అంది అత్తయ్య. "కుదిరినచోట ఆగితే లాభం లేదు. దాటించి లాగు. లాగిన బిగువులోనే ఉంచి సుత్తితో తడుతూ ఉండు. ఇనుము సర్దుకుంటుంది."

దాటించి లాగాను. బిగువులో ఉంచి, వంగిన మడత చుట్టూ సుత్తితో తట్టాను. మరీ గట్టిగా కాదు, ఆపకుండా. భోజనం వేళ దాటింది, ఎవరికీ వడ్డించకపోయినా ఇల్లు కూలిపోలేదు. ఇద్దరం పొద్దుటి రొట్టె ముక్కలు నములుతూ వంతులేసుకుని తట్టాం. రాత్రంతా బిగువులోనే వదిలేసి, తెల్లారాక గొలుసు తీస్తే ఈసారి చట్రం కొంచెమే వెనక్కి జరిగింది. సరిగ్గా ఎంత జరగాలో అంతే జరిగింది. గుండు వదిలి, గుర్తు పెట్టి, కొలిచాం. ఒక ఐమూలకి అత్తయ్య చెప్పిన అంకె, రెండో ఐమూలకి నేను చెప్పిన అంకె ఒకటే.

మధ్యాహ్నం రొట్టెల అమ్మాయి బండి కోసం వచ్చేసరికి, వెనకాలే మా ఆయన కూడా సంచీతో దిగాడు. నేల నిండా సుద్ద గుర్తులు, విప్పిన గొలుసులు చూశాడు. "ఎవరు ముట్టుకోమన్నారు?" అన్నాడు.

"ఎవరూ అనలేదు" అన్నాను.

సంచీ పక్కన పడేసి, టేపు తీసి బండి కిందకి దూరాడు. ఒక కొస చిల్లుకి తనే తగిలించి, రెండో వైపుకి పాకుతూ వెళ్ళి, మళ్ళీ ఇటొచ్చి, నానా తిప్పలూ పడి ఒక్కడే కొలిచాడు. లేచి నిలబడేసరికి మొహం ఎర్రగా ఉంది. "చూడు ఎంత తేడా ఉందో! బొటనవేలి మందం! సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేసి పెట్టావు. ఇప్పుడు ఈ అమ్మాయికి ఏం సమాధానం చెప్తావు?"

రొట్టెల అమ్మాయి నా కేసి చూసింది. అత్తయ్య కూడా చూసింది. ఇలాంటప్పుడు నా గొంతు ఎప్పుడూ సన్నబడిపోయేది. ఆ రోజు సన్నబడలేదు.

"తేడా రావాలండీ. ఆ చిల్లు జరిగిందే అంత. దాన్నుంచి కొలిస్తే తేడా రాకపోతేనే తప్పు."

"కొలత కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"కొలత మీద గొడవెందుకు, బండినే అడుగుదాం" అని బకెట్ నిండా నీళ్ళు తీసుకెళ్ళి వీధికి అడ్డంగా గుమ్మరించాను. ఎండకి రోడ్డు తెల్లగా ఉంది. "స్టీరింగు తిన్నగా పట్టుకుని ఈ తడిలోంచి ముందుకి పోనియ్యి" అని ఆ అమ్మాయికి చెప్పాను. బండి వంకరగా ఉంటే ముందు చక్రాల తడి ఒక దారిలో, వెనక చక్రాల తడి ఇంకో దారిలో పడుతుంది. నాలుగు గీతలు కనిపిస్తాయి.

వ్యాను నీళ్ళలోంచి వెళ్ళి వీధి చివర దాకా పోయి ఆగింది. రోడ్డు మీద రెండే గీతలున్నాయి. మా ఆయన గొంతుక్కూర్చుని ఒక గీత పక్కన వేలు పెట్టి చూశాడు. ఇంకో గీత దగ్గరకి వెళ్ళి చూశాడు. "టైర్లలో గాలి కొట్టించిందేమో" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. గాలి ఎవరూ కొట్టించలేదు. ఆ మాట చెప్పడం కూడా నాకు అనవసరం అనిపించింది. ఎండకి గీతలు అప్పుడే ఆరడం మొదలెట్టాయి, ఆయన మాత్రం అక్కడే కూర్చుని ఉన్నాడు.

రొట్టెల అమ్మాయి వీధి చివర నుంచి వెనక్కి తిరిగొచ్చి మా ముందు ఆపింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. "అక్కా, రెండు చేతులూ వదిలేశాను! తిన్నగా పోయింది!"

"ఖాళీ బండి ఎవరి మాటైనా వింటుంది. లోడు ఎక్కించాక ఎలా ఉంటుందో చూడాలి. సాయంత్రం లోడుకి టైమైందిగా, పద" అని చేతులు తుడుచుకుని పక్క సీట్లోకి ఎక్కాను.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన లేచి.

"పని చూసుకోవడానికి" అన్నాను. వెనక అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోవడం అద్దంలో కనిపించింది.

బేకరీలో ట్రేలన్నీ ఎక్కించాం. బేకరీ ఆయన బండి చుట్టూ తిరిగి చూసి, "మేస్త్రీ ఎవరు?" అని అడిగాడు. రొట్టెల అమ్మాయి నన్ను చూపించింది. ఆయన ఒక్క క్షణం తడబడి, తర్వాత నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. బండి నిండు లోడుతో మొదటి మలుపు తిరిగింది, రెండో మలుపు తిరిగింది. ట్రేలు కదల్లేదు. వేడి బన్నుల వాసన, అద్దం దించితే గాలి. ఒక్కో కొట్టు దగ్గరా ఆపి దింపుతూ వెళ్తుంటే, ఈ వీధులన్నీ నేను నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చుకున్న వీధులే అని గుర్తొచ్చింది. ఎత్తు మీద కూర్చుని చూస్తే అవి వెడల్పుగా ఉన్నాయి.

సగం కొట్లయ్యేసరికి ఫోను మోగింది. మా ఆయన.

"ఎవరిదో ట్రక్కు వచ్చింది" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలాగని మెత్తగానూ లేదు. కొత్త చెప్పులు వేసుకుని నడిచేవాడిలా ఒక్కో మాటా వేస్తున్నాడు. "గోడకి గుద్దాడట. ముందంతా వంగిపోయింది. ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతున్నాడు." చివరికి, "ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"నేను వచ్చి చూశాక చెప్తానని చెప్పండి. అప్పటిదాకా గొలుసు వెయ్యకండి."

అటువైపు ట్రక్కు ఆయన ఏదో అడుగుతుంటే, "కాస్త ఆగండి, వస్తుంది" అని మా ఆయన చెప్పడం లీలగా వినిపించింది.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు నాతో.

"ఇంకా సగం కొట్లున్నాయి. బన్నులన్నీ వేశాక" అన్నాను.